డాక్టరు గుమ్మంలో జ్వరాల బండి

గంధకం పొగ పట్టిన చొక్కా ఒక్క ఉతుకుకు లొంగదు. సబ్బు పెట్టి రుద్దినా, కాగులో ఉడకేసినా, ఇస్త్రీపెట్టె వేడి తగలగానే ఆ వాసన మళ్ళీ లేచి ముక్కు మీద కొడుతుంది. మా ఆయనకు ఈ సంగతి తెలియదు. తన చొక్కాలు వాటంతట అవే తెల్లబడి, వాటంతట అవే మడతపడి బీరువాలోకి నడిచి వెళతాయని ఆయన నమ్మకం.

మా ఆయన ఆమోస్ ఓర్మరాడ్, నేతమిల్లుల ఊరైన బ్రాక్‌డెన్ పట్టణ కౌన్సిల్లో శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఎవరింట్లో అంటుజ్వరం వచ్చినా వెళ్ళి, కిటికీ సందులకు కాగితాలంటించి, గదిలో గంధకం కాల్చి, ఆ ఇంటి బట్టలన్నీ ఆకుపచ్చ తోపుడుబండిలో వేసుకుని యార్డులోని ఆవిరి గదికి తోసుకుపోతాడు. మా ఊళ్ళో దానికి జ్వరాల బండి అని పేరు. అది ఆగిన గుమ్మం ఎవరూ తొక్కరు. పాలవాడు వీధి మొదట్లోనే కుండలో పోసి పారిపోతాడు. ఆ ఇంటి ఆడవాళ్ళు మిల్లుకి వెళితే పక్క మగ్గాల వాళ్ళు దూరం జరుగుతారు. ఆ బండి తోసేటప్పుడు మా ఆయన ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. ఆయన జీవితంలో జనం దారి ఇచ్చేది ఆ ఒక్కప్పుడే మరి.

సోమవారం ఊరంతా ఉతుకుడు. వెనకవీధిలో ఈ గోడకూ ఆ గోడకూ తాళ్ళు కట్టి దుప్పట్లు ఆరేస్తే బొగ్గుల బండి కూడా లోపలికి రాదు. ఆ సోమవారం నేను తొట్టి ముందు నిలబడి మొదటి చొక్కా ముంచుతుండగా, పక్కింటామె గోడ మీంచి తల పెట్టింది.

"ఫ్లోరీ పోయింది, ఇన్‌స్పెక్టరమ్మా. తెల్లారేసరికి."

"జ్వరమేనా?"

"జ్వరమే. నెల్‌కి వచ్చిందే. పురిటి మంచం మీదే కాలిపోయింది పిల్ల." ఆమె బట్టలకు పెట్టే కొయ్య క్లిప్పు నోట్లోంచి తీసింది. "నెల్‌ని చంపింది మంత్రసాని టాబితా పెద్దమ్మేనన్నారు కదా మీవాళ్ళు. మరి ఫ్లోరీకి డాక్టరే పురుడు పోశాడు. టాబితా ఇల్లు కదల్లేదు. ఆమె బట్టలు అప్పటికి మీ ఆవిరి గదిలో ఉడుకుతున్నాయి. ఈ జ్వరాన్ని ఎవరు మోసుకొచ్చారంటావ్?"

నేను చెప్పక్కర్లేదు. నేతవాళ్ళుండే స్పిండిల్ వీధిలో పిల్లిని అడిగినా చెబుతుంది. నెల్‌కి బిడ్డ అడ్డం తిరిగితే, రూలు ప్రకారం టాబితా డాక్టరు హేడాక్‌ని పిలిపించింది. ఆయన వస్తూనే, "ఇంజను నడిపేవాడి చెంప చీముపట్టి వాచిపోతే ఇప్పుడే కోసి వస్తున్నా, ఇంకా నీళ్ళు కాచలేదా మీరు" అని విసుక్కుని, అదే కోటుతో, అదే చేతులతో పని కానిచ్చాడు. మూడోనాటికి నెల్‌కి జ్వరం. వారం తిరక్కుండా శవం. అప్పుడు మంత్రసాని టాబితాను పని మానెయ్యమని హుకుం వచ్చింది. హుకుం మీద సంతకం ఎవరిదంటే, మా ఊరి ఆరోగ్యాధికారిది. ఆ ఆరోగ్యాధికారి ఎవరంటే, డాక్టరు హేడాక్.

టాబితా ఇంటికి పొగ పెట్టి వచ్చిన రోజు మా ఆయన భోజనం దగ్గర చెప్పిన కబుర్లు నాకు గుర్తున్నాయి.

"ముసల్ది ఏడ్చిందా?" అని అడిగింది అత్తగారు.

"ఏడవలేదమ్మా. నా టోపీ జాగ్రత్త నాయనా, అది నా పెళ్ళినాటిది అంది. ఆవిరి గదిలోంచి తీసేసరికి కుక్క నమిలి ఉమ్మినట్టుంది."

తల్లీ కొడుకూ బంగాళదుంపలు గొంతుకి అడ్డం పడేదాకా నవ్వారు. నేను లేచి ఇంకాసిన్ని దుంపలు వడ్డించాను. ఆ ఇంట్లో నా పని అది.

నిజానికి నేనూ మంత్రసానినే. మాంచెస్టర్ ఆసుపత్రిలో చదివి సర్టిఫికెట్ పుచ్చుకున్నాను. పెళ్ళైన వారానికి మా ఆయన నా నల్ల బ్యాగు తీసుకెళ్ళి బీరువా మీద పెట్టి, "ఇన్‌స్పెక్టరు పెళ్ళాం సంచి పట్టుకుని వీధులు తిరుగుతుందా? కౌన్సిలువాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. తర్వాత అదే కౌన్సిలు, పురిటిబిడ్డలు ఈగల్లా రాలిపోతున్నారని పైనుంచి చీవాట్లు పడ్డాక, ఇల్లిల్లూ తిరిగి తల్లులకు మంచీచెడూ చెప్పే ఆడమనిషిని జీతం మీద పెడదామా అని ఆలోచించింది. హేడాక్‌గారు చుట్ట వెలిగించి, "జీతమెందుకు? ఓర్మరాడ్ భార్య ఉందిగా, ఖాళీగా" అన్నారట. అప్పటినుంచి నేను సంచి లేకుండా వీధులు తిరగవచ్చని తేలింది. డబ్బు పుచ్చుకోకపోతే పరువు నిలబడుతుంది. పుచ్చుకుంటే పోతుంది. పెద్దమనుషుల పరువు చిత్రంగా ఉంటుంది.

అలా ఏళ్ళ తరబడి తిరిగాను. పొడుగాటి రబ్బరు గొట్టం ఉన్న పాలసీసాలు, లోపల పాచిపట్టి కంపుకొట్టేవి, ఒక్కొక్క తల్లినీ బతిమాలి పారేయించాను. కొందరు నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చేవాళ్ళు. కొందరు, "నీకెందరు పిల్లలమ్మా, ఇంత చెబుతున్నావు?" అని అడిగేవాళ్ళు. నాకు పిల్లల్లేరని ఊరంతటికీ తెలుసు. ఇంకొందరు ఏమీ అనేవాళ్ళు కాదు. నా ముందే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ, చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదిపి, పడీపడీ నవ్వేవాళ్ళు. మగ్గాల షెడ్డులో ఆ మోతకు ఒకరి మాట ఒకరికి వినపడదు కనక నేత ఆడవాళ్ళు పెదాలు చూసే మాట్లాడుకుంటారు. వీధికి అటు చివర ఉన్న మనిషితో ఇటు చివరినుంచి గుసగుసైనా లేకుండా కష్టసుఖాలు చెప్పుకుంటారు. నేను బయటి ఊరిదాన్ని. నాకు ఆ విద్య అబ్బలేదు. "వాళ్ళు నా గురించి ఏమనుకుంటారో" అని ఒకసారి మా ఆయనతో అంటే, "మిల్లు ముండల గొడవ మనకెందుకు? నాకేం తెలుసు?" అన్నాడు.

ఏడాది చివర కౌన్సిలు సభలో హేడాక్‌గారు నిలబడి, బిడ్డల చావులు తగ్గాయనీ, ఇది ఇన్‌స్పెక్టరు ఓర్మరాడ్ అలుపెరగని కృషి ఫలితమనీ చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెనక బల్ల దగ్గర వాళ్ళకు టీ పోస్తున్నాను. చేతిలో కెటిల్ ఉంది కనక చప్పట్లు కొట్టలేకపోయాను.

ఇదంతా భరించాను. భరించడం అలవాటైతే అదీ ఇంటిపనిలో ఒకటైపోతుంది. కానీ ఫ్లోరీ పోయిందన్న మాట చెవిన పడ్డాక, తొట్టిలో ఉన్న నా చేతులు చూసుకున్నాను. నెల్ వీధిలో ఇల్లిల్లూ పొగపెట్టి వచ్చిన చొక్కా నా చేతుల్లో ఉంది. మాంచెస్టర్‌లో మా పెద్ద నర్సు రోజూ ఒకటే మాట చెప్పేది: జ్వరం బట్ట ముట్టిన చెయ్యి కాన్పు మంచం దగ్గరికి రాకూడదు. ఆ మాట గుర్తుకు రావడానికి కారణం ఉంది. మా ఆడపడుచు రోడాకి నెలలు నిండాయి. నేడో రేపో. ఆమెకు పురుడు పోయడానికి మాట్లాడుకున్నది హేడాక్‌నే.

చేతులు బయటికి తీశాను. చొక్కాలు తొట్టిలోనే వదిలేశాను. మోచేతుల దాకా, క్రిములు చంపే కార్బాలిక్ నీళ్ళు పోసుకుని బ్రష్షుతో ఎర్రబడేదాకా రుద్దుకున్నాను.

ఆ సాయంత్రం మాంసం, దుంపలు వేసిన కుండ బల్ల మీద పెట్టి, ఆయన మొదటి ముద్ద మింగేదాకా ఆగాను.

"టాబితా మీద హుకుం ఎత్తేస్తారా?"

"ఎందుకు?"

"ఫ్లోరీని ఆమె ముట్టుకోలేదుగా. జ్వరం హేడాక్‌గారి చేతుల్లో ఉంది."

ఆయన నమలడం ఆపలేదు. "నాకు తెలుసు."

"తెలుసా?"

"ఆయనకీ తెలుసు. చదువుకున్నవాడు, ఆపాటి తెలియదా?"

"మరి ఆయన కోటు, బ్యాగు ఆవిరి గదిలో పెట్టొద్దూ? కొన్నాళ్ళు పురుళ్ళకు వెళ్ళకుండా ఆగొద్దూ?"

మా ఆయన ఫోర్కు కింద పెట్టాడు. "నేను వెళ్ళి, అయ్యా, కోటు విప్పండి, బండిలో వేసుకుపోతాను అనాలా? మతి ఉండే మాట్లాడుతున్నావా? మంత్రసానులకు చట్టం ఉంది హెస్టర్. డాక్టర్లకు వాళ్ళ మర్యాద ఉంది."

"ఆ మర్యాదని ఓ గంట ఆవిరి పట్టిస్తే పోలా?"

"ఏమంటోందిరా ఇది?" అంది అత్తగారు నా మొహంలోకి చూస్తూ. ఆవిడకు చెవుడు. చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయాయంటుంది. అయినా ఆ ఇంట్లో ఏ మాటా ఆవిడను దాటిపోదు.

"రోడాకి డాక్టరు వద్దంటోంది."

"ఓహో. మరి ఎవరొస్తారమ్మా, టాబితానా? మంత్రసాని చేత పురుడు పోయించుకోడానికి నా కూతురు నేతపని చేసుకునేదనుకున్నావా? దాని మొగుడు మిల్లులో అసిస్టెంటు మేనేజరు. ఎంట్విసిల్ వాళ్ళ కోడలికి డాక్టరే రావాలి." ఆవిడ నోరు తుడుచుకుంది. "నువ్వు కింద నీళ్ళు కాచుకో చాలు. పైకి రాకు. గొడ్రాలివి, మంచిది కాదు."

మా ఆయన పళ్ళెం నా వైపు తోశాడు. ఇంకాస్త వడ్డించమని.

మంగళవారం పొద్దున, చొక్కాకు విడిగా తగిలించుకునే ఉతికిన కాలరు దొరక్క ఇల్లంతా వెతికాడు. "ఉతికిన చొక్కాలేవి?" అన్నాడు. "నానుతున్నాయి" అన్నాను. నిన్నటి మాసిన కాలరే పెట్టుకుని గొణుక్కుంటూ పోయాడు. ఆయన తలుపు దాటగానే నేను టాబితా ఇంటికి వెళ్ళి ఒక మాట మాట్లాడి వచ్చాను. తర్వాత రోడాను చూడబోయాను.

రోడా మేనర్ రోడ్డులో ఉంటుంది. తలుపు మీది ఇత్తడి కడియానికి అప్పటికే అత్తగారు తన తెల్ల తోలు చేతొడుగు చుట్టి కట్టింది. లోపల పురిటిమనిషి ఉంది, గట్టిగా తట్టొద్దు అని గుర్తు. కలవారి వీధుల్లోనే చేస్తారు అలా. స్పిండిల్ వీధిలో తలుపులకు కడియాలే ఉండవు.

రోడా మంచం అంచున కూర్చుని ఉంది. ఆ కుటుంబంలో నన్ను పేరు పెట్టి కాకుండా వరస పెట్టి పిలిచేది ఆమె ఒక్కతే.

"వదినా, ఫ్లోరీ నాతో బళ్ళో చదివింది."

"తెలుసమ్మా."

"మా ఆయన అంటాడు, దానికి రక్తం తక్కువట, అందుకే పోయిందట. నాకు రక్తం ఎక్కువేనా వదినా?" నవ్వబోయింది. "నువ్వు గదిలో ఉంటావుగా? అమ్మ ఏమన్నా సరే ఉండు. ఆ డాక్టరు చేతులు చూశావా ఎప్పుడైనా? గోళ్ళ కింద..."

"ఉంటాను" అన్నాను. అన్నానే గాని ఎలాగో తెలియదు. గదిలో నేనున్నా, హేడాక్ చేతులు హేడాక్‌వే.

బుధవారం పన్నెండు కావస్తుండగా రోడా పనిమనిషి రొప్పుతూ వచ్చింది. నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు మిల్లులో ఉన్నాడు. అక్కడే ఉన్న అత్తగారు కబురు పంపింది: హెస్టర్ వెంటనే వెళ్ళి డాక్టరుగారిని పిలుచుకురావాలి.

పిలుచుకురావాల్సింది నేనే. ఆ ఇంట్లో ఏ పనైనా తిరిగి తిరిగి నా నెత్తికే వస్తుంది. ఒక్కసారి దానివల్ల మేలు జరిగింది.

యార్డు తాళంచెవి మా వంటింటి గోడకే వేలాడుతూ ఉంటుంది, ఎందుకంటే ఆ బండి మీద కప్పే గుడ్డ ఉతికేదీ నేనే. బీరువా మీంచి నా నల్ల బ్యాగు దించాను. దాన్ని పనిమనిషి చేతికిచ్చి రోడా ఇంటికి పంపాను. అత్తగారి అరలోంచి ఆవిడ ఆదివారాలు చర్చికి వేసుకునే రెండో జత చేతొడుగులు తీసి తొడుక్కున్నాను. యార్డుకి వెళ్ళి బండి బయటికి లాగాను.

దాన్ని తోయడం కష్టమనుకున్నాను. కష్టం కాదు. అందరూ దారి ఇస్తుంటే ఏ బండైనా తేలిగ్గానే దొర్లుతుంది. మార్కెట్ వీధిలో మాంసం కొట్టువాడు తలుపు జారేశాడు. ఇద్దరు ఆడవాళ్ళు శాలువాలు మొహాల మీదికి లాక్కున్నారు. మా ఆయన ఛాతీ ఎందుకు పెరుగుతుందో మొదటిసారి అర్థమైంది. అర్థమయ్యాక ఆయన మీద ఇంకాస్త అసహ్యం వేసింది.

మేనర్ రోడ్డు మొదట్లో హేడాక్ ఇల్లు, ఎదురుగా మిల్లు పిట్టగోడ, ఆ గోడ చివర రోడా ఇల్లు. భోజనాల వేళ నేత ఆడవాళ్ళు వరసగా ఆ గోడ మీద కూర్చుని, చెక్క జోళ్ళు ఊపుతూ, రేకు డబ్బాల్లో టీ తాగుతారు. నేను బండిని తిన్నగా తోసుకెళ్ళి డాక్టరు ఇత్తడి బోర్డు కింద ఆపి, గంట కొట్టాను.

ఆయన మెడలో నాప్కిన్‌తోనే వచ్చాడు. బండిని చూశాడు. నన్ను చూశాడు.

"ఏమిటమ్మా ఇది, మిసెస్ ఓర్మరాడ్?"

"రోడాకి నొప్పులొస్తున్నాయండీ. మీ కోటూ బ్యాగూ ఇందులో వేస్తే యార్డుకి తీసుకెళతాను. టాబితావి ఎలా తీసుకెళ్ళారో అలాగే. ఈ కాన్పుకి మాత్రం మీరు రావద్దు."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు వీధంతటికీ వినిపించాలని నవ్వాడు. "మీ ఆయనకు చెప్పే వచ్చావా?"

"లేదండీ."

అప్పుడు గోడ మీది ఆడవాళ్ళు ఆయన కంటపడ్డారు. నవ్వు మాత్రం మొహం మీద అలాగే ఉంచుకుని, ఒక మెట్టు దిగి, గొంతు బాగా తగ్గించాడు. గొంతు తగ్గిస్తే మాట ఇద్దరి మధ్యే ఉంటుందని పెద్దమనుషుల నమ్మకం. ఆయన ఆ ఊళ్ళో జుట్టు నెరిసేదాకా వైద్యం చేశాడు గాని ఒక్కనాడూ మగ్గం పక్కన నిలబడలేదు.

"విను. నెల్ దగ్గరికి ఆ జ్వరం నేనే మోసుకెళ్ళుంటాను. ఫ్లోరీ దగ్గరికీ అంతే. అయితే ఏమంటావు? నేను పని మానుకుంటే ఈ ఊరికి వైద్యుడేడీ? ఆ ముసల్దాన్ని నిలిపేశాం, జనం నోళ్ళు మూతపడ్డాయి. అక్కడితో సరి. బండి తీసుకుపో. లేదంటే రేపటికి మీ ఆయన చేతికి చీపురొస్తుంది."

నేను వీధికి వీపు పెట్టి నిలబడ్డాను. ఆయన మొహం వీధి వైపే ఉంది, ఎండలో. నా వెనక రేకు డబ్బాల చప్పుడు ఆగింది. చెక్క జోళ్ళ ఊపు ఆగింది. అంత నిశ్శబ్దం ఆ గోడ మీద నేనెప్పుడూ వినలేదు.

ఆయనకు అదేమీ తెలియలేదు. నాప్కిన్ లాగి తన పనిమనిషి మీదికి విసిరి, అదే కోటు తొడుక్కుని, బ్యాగు పుచ్చుకుని రోడా ఇంటి వైపు నడిచాడు. నేను బండిని ఆయన గుమ్మంలోనే వదిలేసి వెంట పరిగెత్తాను. దారంతా ఒకటే ఆలోచన. తలుపులో అడ్డం పడుకోవాలా, బ్యాగు లాక్కుని కిటికీలోంచి విసరాలా, ఏం చేస్తే ఈ మనిషి ఆ మంచం దాకా వెళ్ళకుండా ఉంటాడు.

చేతొడుగు చుట్టిన కడియం మీద ఆయన చెయ్యి పడకముందే తలుపు తెరుచుకుంది. అత్తగారు నిలబడి ఉంది. నన్ను చూడలేదు.

"మీరు రావద్దు, డాక్టరుగారూ."

"ఏమిటమ్మా?"

"నెల్ దగ్గరికి ఆ జ్వరం నేనే మోసుకెళ్ళుంటాను అన్నారు. ఫ్లోరీ దగ్గరికీ అంతే అన్నారు. నా కూతురి దగ్గరికి మొయ్యొద్దు."

హేడాక్ నా వైపు తిరిగాడు. నేను ఆయన వెనకే వచ్చాను. నేను చెప్పే వ్యవధి లేదు. ఆయనకూ అది తెలుసు.

"ఎవరు చెప్పారు మీకు?"

"మీరే. మీ గుమ్మంలో నిలబడి. పైకిటికీలోంచి మీకోసమే చూస్తున్నాను."

"మీకు చెవులు వినపడవు కదా."

"వినపడవు" అంది ఆవిడ. "ముప్ఫై ఏళ్ళు మగ్గాల ముందు నిలబడ్డాను. ఆ మోతకు పోయాయి."

నా పెళ్ళైనప్పటినుంచి ఆవిడ చేతొడుగులు లేకుండా వీధిలోకి రాలేదు. మిల్లు అన్న మాట ఇంట్లో పలకనిచ్చేది కాదు. పక్కవీధి వాళ్ళతో పలకరింపు లేదు, శాలువా వేసుకున్న ఆడమనిషి ఎదురైతే మొహం తిప్పుకునేది. అదంతా గుమ్మంలో అందరి ముందూ విప్పి పారేసింది. గోడ దిగి రోడ్డు మీదికి వచ్చిన నేత ఆడవాళ్ళు ఆవిడ పెదాలే చూస్తున్నారు. ఒక ముసలామె నెమ్మదిగా తలూపింది, పాత స్నేహితురాలిని గుర్తుపట్టినట్టు.

హేడాక్ ఏదో అనబోయి, నోరు తెరిచి, అంతమంది కళ్ళు ఆ నోటి మీదే ఉండటం చూసి మూసేశాడు. అరచేత్తో నోరు కప్పుకుని వెనక్కి నడిచాడు. ఆయన ఇంటి ముందు జ్వరాల బండి అలాగే ఉంది.

"గుడ్లప్పగించి చూస్తావేం?" అంది అత్తగారు నాతో. "చేతులు కడుక్కో. అవి నా చేతొడుగులు కదూ?"

"అవునత్తయ్యా."

"పొయ్యిలో పడెయ్."

వెలుగుండగానే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, కేక వింటే అచ్చం అమ్మమ్మ అవతారం. రోడా నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. బ్యాగులో ఏ వస్తువు ఎక్కడుందో నా వేళ్ళకు గుర్తుంది. అన్నేళ్ళూ బీరువా మీద దుమ్ము పట్టింది బ్యాగుకే. అత్తగారు బిడ్డను గుడ్డలో చుట్టి, ముద్దాడి, కన్నీళ్ళు తుడుచుకుని, వెంటనే నా చెవి దగ్గరికి వంగింది.

"ఎంట్విసిల్ వాళ్ళతో డాక్టరుగారే పురుడు పోశారని చెబుదాం. ఏమంటావ్?"

నాకు నవ్వొచ్చింది. కాసేపటి క్రితం ఆవిడ మీద గౌరవం కలిగిందేమోనని భయపడ్డాను. ఆ భయం తీరిపోయింది.

"మీ ఇష్టం. రేపు జ్వరం చూడ్డానికి కూడా ఆయన్నే పిలవండి" అన్నాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మిల్లు కూత కూశాక మా ఆయన వచ్చాడు. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. మూడు రోజుల మాసిన కాలరు మెడకు అతుక్కుపోయి ఉంది. ఫ్లోరీ ఇంటికి పొగ పెట్టి వస్తున్నాడు. ఆ వాసన ఆయన కంటే ముందు గుమ్మం ఎక్కింది. నేను తలుపు సగం తెరిచి ఆ సందులో నిలబడ్డాను.

"ఏం చేశావో తెలుసా నువ్వు? ఊరు ఊరంతా హేడాక్ గుమ్మం ముందుంది. ఒక్క రోగి కూడా లోపలికి పోవడం లేదు. కౌన్సిలు పిలిచింది. ఆయన కాళ్ళు పట్టుకుంటావో ఏం చేస్తావో, నడు."

"మీకు మేనకోడలు పుట్టింది."

"తప్పుకో. నా చెల్లెల్ని చూడాలి."

"ఆ కోటుతో లోపలికి రాకూడదు."

ఆయన చెయ్యెత్తాడు, తలుపు నెట్టడానికో, నన్ను నెట్టడానికో. అంతలో ఆయన చూపు నా తల మీదుగా పైకి వెళ్ళి ఆగిపోయింది. పైకిటికీలో అత్తగారు నిలబడి ఉన్నట్టుంది. చప్పుడేమీ రాలేదు. కానీ మా ఆయన మొహం క్షణక్షణానికి మారింది, ఎవరో గట్టిగా తిడుతుంటే వింటున్నట్టు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. తలొంచుకుని కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

ఆవిడ ఏమందో నాకు తెలియదు. నాకు తెలిసింది మరొకటి. ఆయన నేతమనిషి కొడుకు. పెదాలు చదవడం తల్లి పాలతో నేర్చుకున్నాడు. ఇన్నేళ్ళూ వీధిలో ఆడవాళ్ళు నా మొహం మీదే నవ్వుకున్న ప్రతి మాటా ఆయనకు అర్థమవుతూనే ఉంది. బహుశా ఆయనా నవ్వుకుని ఉంటాడు. నాకేం తెలుసు అన్నాడు.

కోటు చేతిలో పట్టుకుని, మాసిన చొక్కాతో, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

"బండిలో వెయ్యండి. హేడాక్‌గారి గుమ్మంలో ఉంది. ఎవరూ ముట్టుకోవడం లేదు, మీరే తోసుకెళ్ళాలి."

"చొక్కాలు..." అన్నాడు. కౌన్సిలు పిలిచిన మనిషికి ఆ క్షణంలో గుర్తొచ్చింది అది.

"తొట్టిలోనే ఉన్నాయి. సబ్బు కిటికీలో ఉంది. రెండు ఉతుకులు ఉతకండి, ఒక్కదానికి పోదు."

"నువ్వెప్పుడొస్తావు?"

"నేను పురుళ్ళు పోస్తాను. జ్వరం బట్ట ముట్టిన చెయ్యి కాన్పు మంచం దగ్గరికి రాకూడదు. ఆ రెండు పనులూ ఒకే చేతులతో కుదరవు."

"అంటే ఇంటికి రావా? మరెక్కడుంటావు?"

"టాబితా ముందుగదిలో. నిన్ననే అడిగి వచ్చాను. ఆ గదికి గంధకం వేసి శుభ్రం చేసింది మీరే కదా. ఊళ్ళో అంతకంటే శుభ్రమైన చోటు లేదు."